పాండవుల గుట్టలో కనిపించిన ఈ బల్లి ఏ జాతిది?

అందరికీ నమస్కారం. మాది హనుమకొండ, జువాలజీలో పీజీ చేస్తున్నాను. మొన్న ఆదివారం చీకటి పడే వేళ రేగొండ దగ్గర పాండవుల గుట్ట దిగుతుంటే ఇసుకరాతి పగులులో ఒక బల్లి కనిపించింది. ఇళ్లలో గోడల మీద తిరిగే బల్లి మాత్రం కాదు. తోకను లెక్కలోకి తీసుకోకపోతే నా బొటనవేలంత ఉంటుంది. లేత గోధుమరంగు ఒంటి మీద ముదురు అడ్డపట్టీలు, వీపంతా ఆవగింజలు అతికించినట్టు వరుసగా బొడిపెలు. టార్చ్ వేయగానే రాతిని కరచుకుని ఉండిపోయింది. కాసేపటికి ఒక కాలు ఎత్తింది. అప్పుడు వేళ్లు పైకి ముడుచుకుంటాయి కదా, అదృష్టం కొద్దీ ఆ క్షణమే ఫోటోలో పడింది. వేళ్ల కింద పలకలు రెండుగా చీలి ఉన్నాయి. అందుకే హెమిడాక్టిలస్ ప్రజాతి (ఇంటి బల్లులు కూడా చేరే జాతుల గుంపు) అనుకుంటున్నాను.

ఫ్రెండ్స్ కొత్త జాతే అంటున్నారు. ఫోటో చూసి అలా అనలేం. నమూనాను మ్యూజియంలో భద్రపరచాలి, పొలుసులు, మగవాటి తొడల కింది రంధ్రాలు లెక్కపెట్టాలి, డీఎన్ఏను దగ్గరి జాతులతో పోల్చాలి, ఆ వివరణ శాస్త్ర పత్రికలో అచ్చు కావాలి. అనుమతి లేదు కాబట్టి నేను దాన్ని ముట్టుకోలేదు.

బల్లుల మీద పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి: అటవీ శాఖ అనుమతికి విద్యార్థి నేరుగా దరఖాస్తు పెట్టొచ్చా, పీజీ గైడ్‌గా ఉన్న ప్రొఫెసర్ ద్వారానే వెళ్లాలా? ఈసారి వెళ్తే పట్టుకోకుండా ఏ కోణాల్లో ఫోటోలు తీస్తే గుర్తించడానికి పనికొస్తాయి? ఆ పగులు కచ్చితంగా ఎక్కడుందో మాత్రం ఇక్కడ రాయను. బల్లుల్ని పట్టి అమ్ముకునేవాళ్ల కంట పడుతుందని భయం.