యూదుల ధర్మశాస్త్రం అంటే చట్టమేనా?

రాజాం అమ్మాయి:
మాది రెండు తరాలుగా చర్చికి వెళ్లే ఇల్లు. ధర్మశాస్త్రం అంటే మోయలేని బరువు అనే చిన్నప్పట్నుంచీ విన్నాను. మొన్న నిర్గమకాండం 23:19 దగ్గర ఆగిపోయాను. మేకపిల్లను దాని తల్లి పాలలో వండొద్దు, అంతే ఉంది అక్కడ. దాన్నుంచి మాంసానికో గిన్నె, పాలకో గిన్నె దాకా యూదులు ఎలా వెళ్లారు? ధర్మశాస్త్రంలో 613 ఆజ్ఞలంటే ఎక్కడ తప్పు చేస్తామో అన్న టెన్షన్‌తోనే బతుకుతారా? వాదనకి అడగట్లేదు, నిజంగా తెలుసుకోవాలనుంది.

బొబ్బిలి మాస్టారు:
అమ్మా, ముందు ఆ మాట సంగతి చూద్దాం. మనం ధర్మశాస్త్రం అనేదానికి హీబ్రూ మాట తోరా, అంటే బోధ. గ్రీకులోకి మార్చినవాళ్లు దానికి నోమోస్, అంటే చట్టం అని పెట్టారు, ఆ నీడ తర్వాత అన్ని భాషల మీదా పడింది. రోజువారీ ఆచరణకి యూదులు వాడే మాట హలాఖా, అది నడవడం అన్న ధాతువు నుంచి వచ్చింది. మనకి నడక నుంచి నడత, నడవడి వచ్చినట్టే. నాకైతే చట్టం కన్నా నడవడే దగ్గరగా అనిపిస్తుంది.
ఇక గిన్నెలు. ఆ మేకపిల్ల వాక్యం తోరాలో, అంటే మోషే ఐదు పుస్తకాల్లో, మూడుసార్లు వస్తుంది. ఒకే మాట మూడుసార్లు ఎందుకు చెప్పినట్టు అని పండితులు తర్కించి, వండకూడదు, తినకూడదు, దానివల్ల లాభం పొందకూడదు అని అర్థం తీశారు. పైగా పొరపాటున కూడా మీరకుండా, పొలానికి వేసినట్టు ఆజ్ఞ చుట్టూ కూడా కంచె వెయ్యాలంటారు. అలా గిన్నెల దాకా వచ్చింది.

నాగావళి గట్టు:
కార్తీకం వస్తే మా మామ్మ ఉల్లి, వెల్లుల్లి తగలని గిన్నెలు అటక మీంచి దించి, చింతపండుతో తోమి ఎండలో బోర్లించేది. ఆవిడ మొహంలో టెన్షన్ ఎప్పుడూ చూడలేదు, పండగ కళే చూశాను. యూదులు కూడా పస్కా పండక్కి పులిసిన పిండి తగలని గిన్నెలు విడిగా దాచుకుంటారని చదివినప్పుడు నాకు ఆ అటకే గుర్తొచ్చింది.

టెక్కలి నర్సు:
యూదుల వారపు విశ్రాంతి దినం సబ్బాతు రోజు 39 రకాల పనులు నిషేధం, నిప్పు వెలిగించడంతో సహా. కానీ ప్రాణం మీదికొస్తే అవన్నీ పక్కకి పోతాయి. లేవీయకాండం 18:5లో వీటిని పాటించేవాడు వీటివల్ల బతుకుతాడని ఉంది కదా, బతకడానికే ఇచ్చారు, చావడానికి కాదు అని యూదు పండితుల చర్చల సంకలనం తల్మూద్ తేల్చింది. 16వ శతాబ్దంలో యోసెఫ్ కారో రాసిన షుల్హాన్ ఆరూఖ్ అనే ఆచార నియమాల పుస్తకం ఇంకా గట్టిగా చెప్తుంది, సబ్బాతు నాడు రోగి కోసం పరుగెత్తినవాడు మెచ్చదగినవాడు, చెయ్యొచ్చా లేదా అని అడుగుతూ నిలబడినవాడు రక్తం చిందించినట్టే అని. రాత్రి డ్యూటీలో సంతకం కోసం ఆగిన నిమిషాలు నాకు తెలుసు కాబట్టి ఆ మాట మర్చిపోలేను.

రాజాం అమ్మాయి:
మరి పండితులకే పడకపోతే ఎవరి మాట నెగ్గుతుంది మాస్టారూ?

బొబ్బిలి మాస్టారు:
మామూలుగా ఎక్కువమంది మాట. హిల్లెల్, షమ్మాయ్ అని పాతకాలంలో ఇద్దరు యూదు గురువులు. హిల్లెల్ శిష్యులకీ షమ్మాయ్ శిష్యులకీ మూడేళ్లు వాదన నడిచిందట. రెండూ దేవుని మాటలే, ఆచరణ మాత్రం హిల్లెల్ వాళ్లది అని తీర్పొచ్చింది. ఎందుకంటే వాళ్లు ఎదుటివాళ్ల వాదన ముందు చెప్పి, తర్వాతే తమది చెప్పేవాళ్లు. ఓడిన మాటని కూడా చెరపకుండా మిష్నా అనే పాత బోధల సంకలనంలో రాసి ఉంచారమ్మా.

రాజాం అమ్మాయి:
నర్సమ్మా, ఆ 18:5 ఇప్పుడే తీసి మా అమ్మకి చదివి వినిపించాను. ఇంకోసారి చదవమంది.