అప్‌డేట్: అమీర్, హసన్‌ల మధ్య అడ్డుగోడ డబ్బా, జాతా?

ఖాలిద్ హొస్సేనీ 2003లో రాసిన 'ది కైట్ రన్నర్' నవల చదివాక, పనివాడి కొడుకు హసన్‌ను యజమాని కొడుకు అమీర్ వదిలేయడానికి కారణం ఆస్తిలో తేడానా, లేక అఫ్ఘానిస్తాన్‌లో ఆధిపత్యం ఉన్న పష్తూన్ జాతి పిల్లవాడికి అణచివేతకు గురైన హజారా జాతి పిల్లవాడిపై ఉన్న చిన్నచూపా అని నేను ఇంతకుముందు అడిగాను. జాతే అసలు కారణమని చాలామంది అన్నారు. ఆ తరువాత నవల మళ్లీ చదివాను. ఇప్పుడు ఆ రెంటినీ విడదీసి అడగడమే తప్పేమో అనిపిస్తోంది.

దానిమ్మ చెట్టు కింద అమీర్ కథ చదువుతుండగా, చదువురాని హసన్ ఒక మాటకు అర్థం అడుగుతాడు. అది 'తెలివితక్కువవాడు' అనే అర్థమున్న మాట; అమీర్ మాత్రం 'తెలివైనవాడు' అని చెప్పి లోలోపల నవ్వుకుంటాడు. హసన్‌కు బడి లేకపోవడానికి పేదరికం ఒక్కటే కారణం కాదు, హజారాగా పుట్టిన పనివాడి కొడుక్కి చదువెందుకన్న ధోరణి కూడా కారణమే. 1890లలో అఫ్ఘానిస్తాన్ పాలకుడు అబ్దుర్ రహమాన్ హజారాలను అణచివేసి, వారి భూములను లాక్కున్న చరిత్ర తెలిస్తే, అమీర్ వాళ్ల పెద్ద ఇంటి వెనుక హసన్ వాళ్లుండే మట్టి గుడిసె ఎందుకుందో అర్థమవుతుంది.

ఇక అమీర్ తన గడియారం, డబ్బు హసన్ పరుపు కింద దాచి దొంగతనం అంటగట్టే ఘట్టం. చేయని తప్పును హసన్ ఒప్పుకుంటాడు, అమీర్ తండ్రి బాబా క్షమిస్తాడు, అయినా ఇల్లు వదిలి వెళ్లేది హసన్, అతన్ని కొడుకుగా పెంచిన పనివాడు అలీలే. అమీర్, హసన్ ఇద్దరూ బాబా బిడ్డలేనని తెలిశాక ఆ పేజీలు చదవడం నాకు చాలా కష్టమైంది.