లాప్‌టాప్ నాది, ఏజెంట్ వాళ్లది: కమాండ్ లైన్‌తో తీసేయొచ్చా?

వలసపక్షి: ఉద్యోగం మానేసేటప్పుడు వాడిన లాప్‌టాప్‌నే డబ్బు కట్టి కొనుక్కున్నా, రసీదు ఉంది. అందులో కంపెనీ సెక్యూరిటీ ఏజెంట్, అంటే యంత్రాన్ని కాపలా కాస్తూ వివరాలు కంపెనీకి పంపే ప్రోగ్రాం, అలాగే ఉండిపోయింది, తీయబోతే పాస్‌వర్డ్ అడుగుతోంది. ఐటీ వాళ్లకి మూడు మెయిళ్లు పెట్టా, ఒక్కదానికీ జవాబు లేదు. అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌తో, అదే ఆదేశాలు టైపు చేసే నల్ల తెరతో, తీసేస్తే తప్పా?

కృష్ణాతీరం: తప్పేముంది? డబ్ల్యూఎంఐసీ ప్రొడక్ట్ అని ప్రోగ్రాములు తీసేసే విండోస్ కమాండ్ ఉంది, ఆ ఒక్క లైను కొట్టు, పోతుంది.

సర్వర్‌గది: దయచేసి ఆ లైను కొట్టకండి. అది అడగ్గానే విండోస్ ఎంఎస్ఐ అనే ఇన్‌స్టాలర్ ఫైళ్లతో ఎక్కించిన ప్రోగ్రాములన్నిటినీ ఒక్కొక్కటిగా సరిచూస్తుంది, కొన్నిటిని రిపేర్ కూడా చేసేస్తుంది. పైగా మైక్రోసాఫ్ట్ పక్కన పెట్టేసిన పరికరం అది. పద్ధతిగా తీయాలంటే ఆ ప్రోగ్రాంకి ఉండే గుర్తింపు సంఖ్య, అదే ప్రొడక్ట్ కోడ్, చూసి ఎంఎస్ఐఎగ్జెక్ అనే కమాండ్‌తో తీయాలి. ఎవరూ తీసెయ్యకుండా పెట్టే తాళం, ట్యాంపర్ ప్రొటెక్షన్, ఉంటే అదీ ఆగిపోతుంది; దాన్ని విప్పే టోకెన్ కంపెనీ ఐటీ వాళ్లు ఏజెంట్లని నడిపే కన్సోల్‌లోనే దొరుకుతుంది.

కృష్ణాతీరం: నేను పదిసార్లు వాడాను, ఏమీ కాలేదు.

సర్వర్‌గది: విండోస్ చిట్టా చూపించే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, ప్రోగ్రాంని మళ్లీ సరిచేసినట్టు చెప్పే 1035 నంబరు ఎన్నిసార్లు పడిందో చూడండి, తర్వాత చెప్పండి.

చిన్నక్క: ఏ కమాండ్ మంచిదని ఆయన అడగలేదు కదా.

కృష్ణాతీరం: 2024 జులై 19 గుర్తుందా? క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ అప్‌డేట్ ఒక్కటి తేడా కొట్టి 85 లక్షల విండోస్ యంత్రాలు నీలిరంగు తెరతో ఆగిపోయాయి, మన హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఆ రోజు ఎంతోమందిని కాపాడింది కమాండ్ ప్రాంప్టే.

సర్వర్‌గది: వాళ్లు తీసింది ఒక్క చెడ్డ ఫైలు, అదీ తయారుచేసినవాళ్లే చెప్తే. ఏజెంట్‌ని కాదు. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ కీ చేతిలో లేనివాళ్లకి ఆ ఫైలు దాకా పోవడమే గగనమైంది. రెంటినీ ఒక గాటన కట్టొద్దు.

కృష్ణాతీరం: మీలాంటి ఐటీ వాళ్లకి అడుగడుగునా అనుమతి కావాలి. కొన్నవాడు దొంగా?

సర్వర్‌గది: దొంగ అని నేనెప్పుడన్నాను? నా పాత ఉద్యోగంలో ఒకతను గేమ్ నెమ్మదిగా ఉందని ఏజెంట్ పీకేశాడు. ఆ యంత్రం మీదుగానే ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే రాన్‌సమ్‌వేర్ వచ్చి షేర్ ఫోల్డర్లు మొత్తం పోయాయి. మీటింగులో నిలబెట్టి అడిగింది నన్ను, అతన్ని కాదు. ఆరు వారాలు నిద్ర లేదు. అందుకే అంటున్నా, మిమ్మల్ని చూసి కాదు.

వలసపక్షి: మీ బాధ అర్థమైంది అన్నా, కానీ అది కంపెనీ యంత్రం. ఇది మా ఇంట్లో ఉంది. మా పాప దీంట్లోనే హోంవర్క్ చేస్తోంది. మేము ఏ ప్రోగ్రాం తెరిచినా ఆ వివరం ఇంకా వాళ్ల కన్సోల్‌కి పోతుంటే? నా టెన్షన్ అది. వైరస్ గురించి కాదు.

సర్వర్‌గది: ఇది మొదటే చెప్పాల్సింది. అలాగైతే తప్పు పూర్తిగా వాళ్లదే, అమ్మేముందే విడిపించి ఇవ్వాలి. అయినా కమాండ్‌తో పని పూర్తి కాదు. కంపెనీ యంత్రాల నమోదు ఉండే మైక్రోసాఫ్ట్ ఆటోపైలట్‌లో ఇది నమోదై ఉంటే ఫార్మాట్ చేశాక కూడా కంపెనీ లాగిన్ పేజీయే వస్తుంది. నమోదు వాళ్లే కొట్టెయ్యాలి. రసీదు, సీరియల్ నంబరు జతచేసి ఈసారి హెచ్ఆర్‌కి రాయండి, ఐటీకి కాదు. పాప పని అప్పటిదాకా వేరే సిస్టంలో కానివ్వండి.

కృష్ణాతీరం: నేనైతే ఈ రాత్రికే పీకేసేవాణ్ని.

వలసపక్షి: హెచ్ఆర్‌కి ఇప్పుడే రాశాను, రెండు వారాల గడువు పెట్టి. రాకపోతే లాప్‌టాప్ వెనక్కిచ్చి డబ్బు అడుగుతా.