ప్రధాన డేటాబేసు పడిపోతే మరోదానికి మారే ఫెయిలోవర్ నిర్ణయం సాఫ్ట్‌వేర్‌దా, మనిషిదా?

ఏటిగట్టు: 2018 అక్టోబరు 21న ప్రోగ్రాముల కోడ్ దాచే గిట్‌హబ్ సైటుకు అమెరికా తూర్పు తీరంలో నెట్‌వర్కు తెగింది 43 సెకన్లే. అంతలోనే ఫెయిలోవర్ చేసే ఆర్కెస్ట్రేటర్ అనే సాఫ్ట్‌వేర్ మైఎస్‌క్యూఎల్ డేటాబేసు ప్రైమరీలను (మార్పులు ముందుగా నమోదయ్యే సర్వర్లను) పశ్చిమ తీరానికి మార్చివేసింది. తూర్పున చివరి క్షణాల్లో నమోదైన మార్పులు పడమటికి చేరలేదు, పడమట కొత్తవి మొదలయ్యాయి. ఆ చిక్కు విప్పి సేవలను పూర్తిగా కుదుటపరచడానికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. అందుకే ఇంత దూరం మారే ఫెయిలోవర్‌ను మనిషే ఆమోదించాలంటాను.

మూడోజాము: మనిషి చేయి అంత భద్రమైనదా? 2017 జనవరి 31 రాత్రి గిట్‌హబ్ లాంటిదే అయిన గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీరు సెకండరీ (నకలు సర్వర్) అనుకొని ప్రైమరీ సర్వర్‌లోని డేటా డైరెక్టరీని తుడిచివేశారు. పొరపాటు గ్రహించి ఆపేసరికి దాదాపు 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది. పీజీ డంప్ అనే పనిముట్టుతో తీసే బ్యాకప్‌లు వెర్షన్ తేడా వల్ల విఫలమవుతున్న సంగతి అప్పటిదాకా ఎవరికీ తెలియలేదు.

ఏటిగట్టు: అది తొలగింపు, ఫెయిలోవర్ కాదు. దయచేసి రెంటినీ కలపకండి.

వేపచెట్టు: సింక్రనస్ రెప్లికేషన్ పెట్టుకొంటే, అంటే ప్రతి మార్పూ నకలుకు చేరాకే పూర్తయినట్టు లెక్కిస్తే, సరిపోతుంది కదా?

ఏటిగట్టు: రెండు తీరాల మధ్య రానుపోను సుమారు 60 మిల్లీసెకన్లు. ప్రతి కమిట్ (మార్పును ఖాయం చేయడం) అంతసేపు ఆగాలంటే రద్దీ వేళ క్యూలు పెరిగిపోతాయి. ఆమోదం మనిషిదైతేనే మేలు.

మూడోజాము: ఆ మనిషి ఎవరండీ? మా నాన్నగారిని ఆసుపత్రిలో చేర్చిన రాత్రి నేను ఆన్‌కాల్‌లో (ఏది చెడినా చూసుకొనే వంతులో) ఉన్నాను. రెండున్నరకు ప్రైమరీ పడిపోయింది, రెప్లికా (నకలు సర్వర్) 11 సెకన్లు వెనుకబడి ఉంది. ప్రమోట్ చేస్తే, అంటే దాన్నే ప్రైమరీగా చేస్తే, 11 సెకన్ల చెల్లింపుల వివరాలు పోతాయి, చేయకపోతే సైటు లేవదు. మేనేజరు ఫోనెత్తలేదు. వార్డు వరండాలో ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకొని ప్రమోట్ చేశాను. మర్నాడు అందరి ముందూ ఎవరినడిగి చేశావని నిలదీశారు. మనిషి ఆమోదం అని మీరు తేలికగా అంటున్నది ఇదే!

ఏటిగట్టు: ఆ రాత్రి మీకు జరిగింది అన్యాయమే. అయితే అదే స్థితిలో సాఫ్ట్‌వేర్ మార్చినా ఆ 11 సెకన్లు పోయేవే కదా.

మూడోజాము: పోయేవి. కాని ఎన్ని సెకన్లు పోయినా ఫరవాలేదో ముందే ఎవరో ఒకరు సంతకం పెట్టి సెట్టింగులో రాయవలసి వచ్చేది. రాయడానికి పైవాళ్లెవరూ ఒప్పుకోరు కనుకనే ఆ భారం ఆన్‌కాల్‌లో ఉన్నవాళ్ల మీద పడుతోంది. నా అభ్యంతరమంతా దాని మీదే.

వేపచెట్టు: ఏటిగట్టు గారూ, మీ రన్‌బుక్‌లో (ఏదైనా చెడితే ఏం చేయాలో రాసుకొన్న పత్రంలో) ఆ అంకె ఎంత?

ఏటిగట్టు: ఇప్పుడే తెరిచి చూశాను. అంకె లేదు, "పరిస్థితిని బట్టి నిర్ణయించవలెను" అని ఉంది. రాసింది నేనే.