కాలేజీ బేస్‌బాల్ పిచర్‌ని డ్రాఫ్ట్ కోసం అంచనా వేయడం: స్పీడ్ చూశాక ఇంకేం చూడాలి?

డగౌట్_డల్లాస్
ఎస్ఈసీలో (పెద్ద కాలేజీ జట్ల కాన్ఫరెన్స్, అంటే లీగ్) శుక్రవారం స్టార్ట్ చేసే, అంటే జట్టులో మేటి అయిన, కుడిచేతి జూనియర్ (మూడో ఏడాది విద్యార్థి) ఒకడున్నాడనుకుందాం. ఎత్తు 6 అడుగుల 3 అంగుళాలు. ఫాస్ట్‌బాల్ గంటకు 94-97 మైళ్లు, స్లైడర్ (పక్కకు తిరిగే బంతి) 85-87, చేంజప్ (ఫాస్ట్‌బాల్‌లా కనిపించే నెమ్మది బంతి) ఎప్పుడో ఒకటి. 80 ఇన్నింగ్స్‌లో 345 మంది బ్యాటర్లు, 110 స్ట్రైకవుట్లు (మూడు స్ట్రైక్‌లతో ఔట్), 40 వాక్‌లు (నాలుగు తప్పు బంతులకు బ్యాటర్‌కి ఉచితంగా బేస్), ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచర్ ఖాతాలో పడే సగటు పరుగులు) 3.40. ఇలాంటివాణ్ణి డ్రాఫ్ట్‌లో (ప్రొఫెషనల్ జట్లు వంతులవారీగా ఆటగాళ్లను ఎంచుకునే చోట) ఒకరు మొదటి రౌండ్ మధ్యలో పెడతారు, ఇంకొకరు రెండో రౌండ్ చివరికి తోసేస్తారు. ఇంత తేడా ఎక్కణ్ణుంచి వస్తుంది? మీరైతే ముందు ఏం చూస్తారు?

రేడార్_రాజు
ఈఆర్ఏ పక్కన పెట్టెయ్యండి. కాలేజీ వాళ్లవి మెటల్ బ్యాట్లు, పార్కులు ఒక్కోటి ఒక్కో కొలత, ఫీల్డింగ్ సంగతి సరేసరి. బ్యాటర్ల లెక్కన శాతాలు తీస్తే స్ట్రైకవుట్లు 32, వాక్‌లు 11.6. తేడా 20 దాటింది, బాగానే ఉంది. కానీ ఫిబ్రవరిలో చిన్న కాన్ఫరెన్స్ జట్ల మీద కొట్టేసిన స్ట్రైకవుట్లు తీసేసి, కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు మాత్రమే మళ్లీ లెక్కేయండి. 32 కాస్తా 25కి దిగితే మనం వేరే పిచర్ గురించి మాట్లాడుకుంటున్నట్టే.

"94-97" అన్నది కూడా సగం మాటే. ఇన్నింగ్స్ వారీగా రాసుకోవాలి. మొదట్లో 96, 75 బంతులు దాటాక 92 అంటే ప్రొఫెషనల్‌లో పరిస్థితి ఇంకా కష్టం, ఎందుకంటే కాలేజీలో వారానికోసారి వేసేవాడు అక్కడ ఐదారు రోజులకోసారి వేయాలి. బేస్ మీద రన్నర్ ఉన్నప్పుడు, అంటే స్ట్రెచ్ నుంచి వేసేటప్పుడు, స్పీడ్ ఎంత తగ్గుతోందో వేరే గడిలో రాయండి. వాక్‌లు గుంపుగా వచ్చేది తరచూ అక్కడే.

ఐవీబీ_ఆచారి
క్రికెట్ చూసే అలవాటుతో మనవాళ్లు స్పీడ్ గన్ దగ్గరే ఆగిపోతారు. మేజర్ లీగ్‌లో సగటు ఫాస్ట్‌బాలే ఇప్పుడు 94 దగ్గరుంది. కాబట్టి 95 ఒక్కదాన్ని చూసి మొదటి రౌండ్ అనలేం.

అసలు సంగతి బంతి షేప్‌లో ఉంది. స్పిన్ వల్ల బంతి పడాల్సినంత పడకుండా ఎన్ని అంగుళాలు నిలబడిందో చెప్పేదే ఐవీబీ. ఫోర్‌సీమ్‌కి (మామూలు నిటారు ఫాస్ట్‌బాల్) సగటున 16 అంగుళాల దగ్గరుంటుంది. 18 దాటితే స్ట్రైక్ జోన్ పైభాగంలో బ్యాటర్లు కిందనుంచి ఊపి మిస్సవుతారు. ఐవీబీ, పక్కకు కదలిక రెండూ 12-13 దగ్గర సమానంగా ఉంటే అది డెడ్ జోన్. ఆ చేతి కోణం నుంచి బ్యాటర్ ఎక్కడికి ఊహించాడో బంతి అక్కడికే వస్తుంది. కాలేజీలో 96తో నెగ్గుకొచ్చేస్తాడు, డబుల్-ఏలో (మేజర్ లీగ్‌కి రెండు మెట్లు కింది ప్రొఫెషనల్ స్థాయి) అదే బంతి గోడ మీద మోగుతుంది.

ఐవీబీని ఒంటరిగా చదవకూడదు, పక్కనే రిలీజ్ ఎత్తు చూడాలి. చెయ్యి నిటారుగా లేపి ఆరడుగుల పైనుంచి వదిలితే 17 మామూలే. 5 అడుగుల 4 అంగుళాల దగ్గర వదులుతూ అదే 17 వస్తే, బంతి జోన్‌లోకి వచ్చే కోణం చదునుగా ఉండి పైకి లేస్తున్నట్టు కనిపిస్తుంది. ఎక్స్‌టెన్షన్ (మౌండ్ మీది రబ్బరు నుంచి ఎంత ముందుకొచ్చి బంతి వదిలాడన్నది) సగటు 6.4 అడుగులు. ఏడడుగులు ముందుకొచ్చి వదిలేవాడి 94 బ్యాటర్‌కి 95లా తోస్తుంది.

స్పెన్సర్ స్ట్రైడర్ 2020లో నాలుగో రౌండ్ దాకా మిగిలాడు. ఎత్తు తక్కువ, అంతకు ముందే టామీ జాన్ సర్జరీ (మోచేతి లిగమెంట్‌కి) అయింది. తర్వాత మేజర్ లీగ్‌లో ఆ ఫాస్ట్‌బాల్ బ్యాటర్లను ఏం చేసిందో చూశాంగా. అలాగని షేప్ బాగా లేకపోతే పనికిరాడనీ కాదు. 2023లో కాలేజీ పిచర్‌గా ఉన్న పాల్ స్కీన్స్ ఫాస్ట్‌బాల్ షేప్ మీద ప్రశ్నలుండేవి. కానీ వందకు చేరే స్పీడ్, 122.2 ఇన్నింగ్స్‌లో 209 స్ట్రైకవుట్లకు 20 వాక్‌లు! అంతటి కంట్రోల్ ఉంటే షేప్‌ని క్షమించొచ్చు.

ఒక హెచ్చరిక. ట్రాక్‌మ్యాన్ (బంతి కదలిక కొలిచే రాడార్) అంకెల్ని కళ్లు మూసుకుని నమ్మకండి. ఒక పార్కులో ఆ రోజు వేసిన అందరికీ ఐవీబీ రెండేసి అంగుళాలు ఎక్కువొస్తే తేడా పరికరంలో ఉంది. కట్టర్‌ని (కొద్దిగా పక్కకు తిరిగే ఫాస్ట్‌బాల్) స్లైడర్‌గా ట్యాగ్ చేయడం కూడా తరచూ జరిగేదే.

బుల్‌పెన్_బాబాయ్
ఆచారి గారూ, అంకెలు సరే, గ్రౌండ్‌కి వెళ్లినవాడు ఏం చేయాలో కూడా చెప్పాలి కదా. రెండు ఇన్నింగ్స్ హోమ్ ప్లేట్ వెనక కూర్చుంటే షేప్ తెలుస్తుంది. తర్వాత కుడిచేతివాడైతే మూడో బేస్ వైపుకి మారండి. చెయ్యి ఎలా వస్తోంది, ముందు కాలు పడేసరికి చెయ్యి పైకి చేరిందా లేదా అన్నది అక్కణ్ణుంచే కనిపిస్తుంది. చెయ్యి ఆలస్యమైతే బంతి పైకి, తన చేతి వైపుకి జారిపోతుంది. వాక్‌లు ఆ ఒక్క కారణం వల్లే వస్తుంటే కోచింగ్‌తో దిద్దొచ్చు. మిస్ ప్రతిసారీ ఒక్కో దిక్కున అయితే కష్టం.

చేంజప్ మ్యాచ్‌లో వేయకపోతే వార్మప్‌లో చూడండి. చెయ్యి నెమ్మదించకుండా, ఫాస్ట్‌బాల్ కంటే 8-10 మైళ్లు తక్కువగా వేయగలిగితే 45 గ్రేడ్ ఇచ్చి ఆశ పెట్టుకోవచ్చు (20-80 స్కేల్‌లో 50 అంటే మేజర్ లీగ్ సగటు). అది లేకపోతే ఎడమచేతి బ్యాటర్లు రెండోసారి వచ్చేసరికి స్లైడర్‌ని వదిలేసి ఫాస్ట్‌బాల్ కోసం కాచుకుంటారు. అప్పుడతను రిలీవరే (స్టార్టర్ తర్వాత వచ్చి కాసేపు వేసేవాడు).

స్టాప్‌వాచ్ మర్చిపోవద్దు. స్ట్రెచ్ నుంచి ప్లేట్‌కి 1.3 సెకన్లు దాటితే రన్నర్లు బేస్ దొంగిలించడానికి పరుగే పరుగు. 2023 నుంచి మేజర్ లీగ్‌లో బేస్‌లు పెద్దవయ్యాయి, పిచర్ రబ్బరు మీదనుంచి కాలు తీయడానికీ, రన్నర్ వైపు విసరడానికీ పరిమితి పెట్టారు, దాంతో వాళ్లకి ఇంకా సులువు.

డగౌట్_డల్లాస్
మరి వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ పిచర్ కుమార్ రాకర్ విషయం? ఇవన్నీ ఉన్నవాడే కదా.

రేడార్_రాజు
మెడికల్ దగ్గర చిక్కు వచ్చింది. (తెలియనివాళ్లకి: రాకర్ తల్లి వైపు పెద్దలది ఆంధ్రప్రదేశ్.) వాండర్‌బిల్ట్ తరఫున 2019లో డ్యూక్ మీద 19 స్ట్రైకవుట్లతో నో-హిట్టర్ (ఒక్క హిట్ కూడా ఇవ్వని మ్యాచ్) వేశాడు. ఆ స్లైడర్ గురించి ఎవరికీ అనుమానం లేదు. 2021 సీజన్ మధ్యలో కొన్ని మ్యాచ్‌లలో స్పీడ్ పడిపోయింది. మేజర్ లీగ్ జట్టు మెట్స్ 10వ పిక్‌గా తీసుకుని, 60 లక్షల డాలర్లకు ఒప్పుకుని, వైద్య పరీక్షల తర్వాత వెనక్కి తగ్గింది. ఆ సెప్టెంబర్‌లో భుజానికి సర్జరీ. 2022లో ఇండిపెండెంట్ లీగ్‌లో వేసి, రేంజర్స్‌కి 3వ పిక్‌గా 52 లక్షలకు వెళ్లాడు. 2023లో టామీ జాన్, 2024 సెప్టెంబర్‌లో మేజర్ లీగ్.

బయటనుంచి మనకు ఎంఆర్ఐ దొరకదు. దొరికేది స్పీడ్ గ్రాఫే. రెండు మైళ్లు తగ్గి మూడు వారాలు తిరిగి రాకపోతే ఎర్రజెండా.

స్లాట్_శీను
ఆ గొడవ తర్వాతే నిబంధన మారింది. డ్రాఫ్ట్ ఆటగాళ్లలో టాప్ 300లో ఉన్నవాడు డ్రాఫ్ట్‌కి ముందే వైద్య పరీక్ష చేయించుకుంటే, ఎంపిక చేసిన జట్టు స్లాట్ విలువలో (ఆ పిక్‌కి లీగ్ నిర్ణయించిన బోనస్ మొత్తం) కనీసం 75% ఇవ్వజూపాలి. కాబట్టి పరీక్షకు వెళ్లనివాడుంటే ఎందుకని అడగండి.

వయసు కూడా చూడండి. జూనియర్‌కి సీనియర్ సంవత్సరానికి తిరిగి వెళ్లే దారి ఉంది కాబట్టి బేరం ఆడగలడు. సీనియర్‌కి ఆ దారి లేదు, తక్కువకే సంతకం పెడతాడు.

మీరు చెప్పినవాడి విషయానికొస్తే, డెడ్ జోన్ కాకుండా 75 బంతుల తర్వాత కూడా 94 నిలిస్తే నాకు మొదటి రౌండ్ చివర.

బుల్‌పెన్_బాబాయ్
చేంజప్ చూడకుండా నేనివ్వను. రెండో రౌండ్ మధ్యలో.

ఐవీబీ_ఆచారి
రిలీజ్ ఎత్తు ఎంతో చెప్పండి డల్లాస్ గారూ, అప్పుడు చెప్తా.