డాలస్‌కి కొత్తగా వచ్చాను, చిన్న ప్రోగ్రామింగ్ ప్రాజెక్టుకు సలహా కావాలి

నకిరేకల్ తమ్ముడు: అన్నలకు, అక్కలకు నమస్తే. ఎమ్మెస్‌కి వచ్చి మూడు వారాలైంది. ఇంటర్న్‌షిప్‌కి చూపించుకోవడానికి జావాస్క్రిప్ట్‌లో కాన్వే గేమ్ ఆఫ్ లైఫ్ మొదలుపెట్టాను, అంటే గళ్ల గ్రిడ్‌లో ప్రతి గడీ చుట్టుపక్కల గళ్లను బట్టి పుట్టడమో, బతకడమో, చావడమో జరిగే ఆట. మౌస్‌తో గళ్లు నింపి స్టార్ట్ నొక్కితే నడవాలి. గ్లైడర్ (ఆకారం చెడకుండా గ్రిడ్ మీద జరుగుతూ పోయే చిన్న గళ్ల గుంపు) పెడితే రెండు అడుగులకే చెదిరిపోతోంది. రూల్స్ సరిగ్గానే రాశాను. తప్పెక్కడ?

మిర్యాలగూడ అన్న: తమ్మీ, ప్రాజెక్టు తర్వాత. లీజు చదివావా? నా మొదటి ఇంట్లో ఓనర్ కార్పెట్ మీద మరక చూపించి 800 డాలర్ల డిపాజిట్ మొత్తం నొక్కేశాడు. తలుపు పక్కన ఇస్త్రీపెట్టె ఆకారంలో మరక, నేను దిగకముందు నుంచే ఉంది. నాలుగుసార్లు ఆఫీసుకు తిరిగాను. ప్రతిసారీ కొత్త మనిషి, "ఫోటో ఉందా?" అని అదే మాట. ఎక్కడిది? నాన్న వడ్లు అమ్మి పంపిన డబ్బు అది. దిగిన రోజే మూలమూలా ఫోటోలు తీసుకో. 21 రోజుల్లో డిపాజిట్ వాపసు ఇవ్వాలి, చట్టం.

దేవరకొండ అక్క: అన్నా, 21 రోజులు కాలిఫోర్నియాలో. టెక్సస్‌లో ఖాళీ చేశాక 30, అదీ కొత్త అడ్రస్ కాగితం మీద రాసిస్తేనే.

తమ్ముడూ, ఒకే గ్రిడ్‌ని చదువుతూ అందులోనే మారుస్తున్నావు కదూ? పై గడి ఇప్పుడే చచ్చిందనుకో, కింది గడి దాన్ని చచ్చినట్టే లెక్కపెడుతుంది. కానీ ఈ తరంలో, అంటే ఈ అడుగులో, అది ఇంకా బతికే ఉంది. పాత గ్రిడ్ చదువు, కొత్త గ్రిడ్‌లో రాయి, అంతా అయ్యాక మార్చుకో. గ్లైడర్ ఐదు గళ్లది, నాలుగు తరాలకు ఒక గడి ఐమూలగా జరగాలి. అదే నీకు పరీక్ష.

పాలమూరు పాతకాపు: పక్కన నాలుగు గళ్లే లెక్కపెట్టాలి. మేం కాలేజీలో అట్లనే చేశాం.

దేవరకొండ అక్క: నాలుగు గళ్లది ఫాన్ నాయ్‌మన్ పద్ధతి అన్నా. కాన్వేది మూలలతో కలిపి ఎనిమిది. ఖాళీ గడి చుట్టూ సరిగ్గా మూడుంటే పుడుతుంది, నిండిన గడి రెండో మూడో ఉంటే బతుకుతుంది.

పాలమూరు పాతకాపు: నేను 1998లో వచ్చినప్పుడు నువ్వు బడికి పోతున్నావు చెల్లె.

దేవరకొండ అక్క: పోతున్నాను. మూలలు అప్పుడూ ఉన్నాయి.

నకిరేకల్ తమ్ముడు: అక్కా, రెండో గ్రిడ్ పెట్టగానే నడిచింది! కానీ అంచుకు తగలగానే నాలుగు గళ్ల చదరంగా మారి అక్కడే కూర్చుంది.

దేవరకొండ అక్క: అది బగ్ కాదు. అంచు బయట అంతా ఖాళీ అని లెక్కపెడితే అంతే. కుడి అంచును ఎడమకు, కిందిదాన్ని పైకి కలుపు, తిరిగొస్తుంది. ఎడమకు పోయేటప్పుడు గడి నంబరు మైనస్ ఒకటి రాకుండా, గ్రిడ్ వెడల్పు కలిపాకే దాంతో భాగించి శేషం తీయి. గీస్తుంటే పాజ్ అయ్యేలా చూడు, లేకపోతే మౌస్ ఎత్తేలోపే నీ గళ్లు చచ్చిపోతాయి. సెకనుకు పది తరాలు చాలు, అరవై పెడితే కంటికి ఆనదు.

మిర్యాలగూడ అన్న: బాగుంది తమ్మీ. ఫోటోలు తీశావా?