కుక్కనీ పిల్లల్నీ కలిపి క్యాంపింగ్‌కి తీసుకెళ్ళినవాళ్ళు కాస్త చెప్పండి

కొండాపూర్_చిన్ను_అమ్మ:
అందరికీ నమస్తే. వచ్చే నెల వికారాబాద్ వైపు, అనంతగిరి దగ్గర ఒక ఫామ్‌లో టెంట్లు వేసుకుని ఒక రాత్రి ఉందామని మూడు కుటుంబాలం అనుకున్నాం. పిల్లలు ఐదుగురు, మూడేళ్ళ నుంచి తొమ్మిదేళ్ళ దాకా. మా లాబ్రడార్‌కి నాలుగేళ్ళు. ఇంట్లో మా చిన్ను మీద పడి దొర్లినా ఏమీ అనదు. కానీ మిగతా నలుగురు పిల్లలూ దానికి కొత్త, చోటూ కొత్తే. నా టెన్షన్ అదే. మీరు ఏం జాగ్రత్తలు తీసుకున్నారు, ఎక్కడ పొరపాటు జరిగింది, దాచకుండా చెప్పండి.

సైనిక్‌పురి_నాన్న:
మాకు పొరపాటు జరిగిందండి, అందుకే రాస్తున్నా. రెండేళ్ళ కిందట కోట్‌పల్లి చెరువు వైపు వెళ్ళాం. దారిలో కట్టించుకున్న బిర్యానీ తిన్నాక మా బావమరిది ప్రేమకొద్దీ మా కుక్కకి మటన్ ఎముక వేశాడు. అది చెట్టు వెనక్కి పోయి కొరుక్కుంటోంది. మా చెల్లెలి కూతురికి అప్పుడు నాలుగేళ్ళు. వెళ్ళి దాని మెడ చుట్టూ చేతులేసింది. కుక్క నమలడం ఆపి బిగుసుకుపోయింది. కళ్ళల్లో తెల్లగుడ్డు కనపడింది. నేను చూస్తూనే ఉన్నా, అర్థం కాలేదు. అంతలోనే పాప చెంప మీద పన్ను దిగింది.

గుర్రుమనలేదు కదా, అని ఆ రోజంతా అనుకున్నా. తర్వాత పశువుల డాక్టర్ అడిగారు, ఇంతకుముందు గుర్రుమంటే ఏం చేసేవారని. మూతి మీద కొట్టేవాణ్ణి. పిల్లలున్న ఇల్లు కదా, ఆ అలవాటు మాన్పించాలనుకున్నా. నేను మాన్పించింది కరవడం కాదు, కరిచే ముందు అది చెప్పే మాటని. దయచేసి గుర్రుమన్నందుకు కుక్కని తిట్టకండి. పిల్లల్ని పక్కకి తీసుకెళ్ళండి, అది ఎందుకు అన్నదో తర్వాత చూసుకోండి.

ఉప్పల్_స్టాఫ్‌నర్స్:
అన్నా, పాప విషయం చదివి మనసు కలుక్కుమంది. నా డ్యూటీలో చూసినంతవరకు పిల్లల్ని కరిచేది ఎక్కువగా తెలిసిన కుక్కలే. వాళ్ళ ఎత్తుకి గాయం మొహం మీదో మెడ మీదో పడుతుంది.

పన్ను గీరుకున్నా సరే, సబ్బుతో, పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడగాలి. గడియారం చూసుకుని కడగండి, ఎందుకంటే పిల్ల ఏడుస్తుంటే రెండు నిమిషాలే పదిహేను అనిపిస్తాయి. పసుపు, సున్నం, కారం, కాఫీ పొడి ఏదీ పెట్టొద్దు. గట్టిగా కట్టు కట్టొద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. రేబిస్ టీకా చర్మంలోకి వేస్తే 0 (మొదటి డోసు వేసిన రోజు), 3, 7, 28 రోజుల్లో, కండకి వేస్తే 14వ రోజు కూడా. రక్తం వచ్చిన గాయమైతే గాయంలోకే ఇమ్యునోగ్లోబ్యులిన్ (టీకా పనిచేసేలోపు రేబిస్‌ని అడ్డుకునే ఇంజెక్షన్) వేస్తారు. మన కుక్కకి ఏటా టీకా వేయిస్తున్నాం కదా అని మీరే తీర్మానించుకోకండి, ఆ మాట డాక్టర్‌కి చెప్పండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు అసాధ్యం.

సిటీలో అయితే నారాయణగూడలో ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) ఉంది. మీరు వెళ్ళేచోట టీకా, ఇమ్యునోగ్లోబ్యులిన్ రెండూ ఏ ఆసుపత్రిలో ఉన్నాయో బయల్దేరే ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఇంకొకటి, తిడతారని పిల్లలు గీతలు దాచేస్తారు. స్నానం చేయించేటప్పుడు ఒళ్ళంతా చూడండి.

అల్వాల్_అమ్మమ్మ:
చిన్ను వాళ్ళమ్మా, మేము చేసింది చెప్తా బిడ్డా. కుక్కని నీడలో చెట్టుకి మూడు మీటర్ల తాడుతో కట్టాం. తాడు చివరిదాకా దాన్ని నడిపించి, అక్కణ్ణుంచి పెద్దవాళ్ళ అడుగులు రెండు అవతలికి ముగ్గుపిండితో చుట్టూ గీత వేశాను. ఆ గీత దాటొద్దని పిల్లలకి చెప్పాం. మూడేళ్ళ వాడికి కూడా అర్థమైంది, ఎందుకంటే కళ్ళకి కనిపిస్తోంది. కట్టేసిన కుక్క పారిపోలేదు కదమ్మా, భయమేస్తే దానికి ఉన్న దారి పళ్ళే.

గీత ఉంది కదా అని కళ్ళు తిప్పుకోవద్దు. పదిమందిలో పాము చావదంటారు. మూడు కుటుంబాలంటే ఆరుగురు పెద్దవాళ్ళు, ఎవరో చూస్తున్నారులే అని ఆరుగురూ అనుకుంటారు. మేము ఎర్ర తువ్వాలు ఒకటి పెట్టుకున్నాం. అది ఎవరి భుజాన ఉంటే వాళ్ళు ఫోన్ ముట్టకూడదు, వంటకి లేవకూడదు. అరగంటకోసారి చేతులు మారేది.

మణికొండ_దేశీకుక్క:
అనంతగిరి గుడి దగ్గర కోతులు చాలా ఎక్కువ అక్కా. మా అబ్బాయి చేతిలో తాడు ఉండగా కోతి చిప్స్ ప్యాకెట్ కోసం దూకింది, కుక్క ఒక్కసారి లాగింది. వాడు 22 కిలోలు, అది 24. మోచేతులు రెండూ చీరుకుపోయాయి. పిల్లలు మురిపెంగా అడిగినా తాడు ఇవ్వకండి.

రాత్రి ఊరి కుక్కలు ఎంగిలి విస్తళ్ళ కోసం వస్తాయి. తిన్నవన్నీ మూటగట్టి కారులో పెట్టేయండి. కుక్క దగ్గరికొస్తే చెట్టులా నిలబడాలి, చేతులు ఒంటికి ఆనించి నేల చూడాలి, పరిగెత్తకూడదు అని మావాళ్ళకి ఇంట్లోనే ఆటలాగా నేర్పాం. కింద పడితే బంతిలా ముడుచుకుని చెవులు, మెడ చేతులతో కప్పుకోవాలి.

పిల్లల చాక్లెట్లు, ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్కకి విషం. బిర్యానీలో ఉల్లిపాయ కూడా మంచిది కాదు.

కొండాపూర్_చిన్ను_అమ్మ:
ఇన్ని విషయాలు రాసినందుకు చాలా థాంక్సండి. చిన్ను మాత్రం కుక్కని పక్కన పడుకోబెట్టుకోవాలని అడుగుతున్నాడు. ఒకే టెంట్‌లో పర్లేదా?

సైనిక్‌పురి_నాన్న:
వద్దండి. చీకట్లో బాత్‌రూమ్‌కి లేచి దాని మీద కాలు వేస్తే అది ఎవరో ఏమిటో చూసుకోకముందే నోరు కదులుతుంది. ఇంట్లో అది పడుకునే పరుపు, మడిచే క్రేట్ (కుక్క పడుకునే బోను) తీసుకెళ్ళి మీ టెంట్ బయట, మీకు వినపడే దూరంలో పెట్టండి. అది లోపల ఉన్నప్పుడు పిల్లలెవరూ వేలు కూడా పెట్టకూడదు.

కొండాపూర్_చిన్ను_అమ్మ:
సరే అన్నా. ఈ ఆదివారం ఆ నలుగురు పిల్లల్నీ ముందు ఇంటికి పిలుస్తున్నా. కుక్క ఆవలిస్తూ, మూతి నాక్కుంటూ మొహం తిప్పేసుకుంటే, అంటే పిల్లలతో దానికి ఇబ్బందిగా ఉన్నట్టు అనిపిస్తే, ఈసారి దాన్ని మా తమ్ముడి దగ్గర వదిలే వెళ్తాం. పాప ఇప్పుడు ఎలా ఉంది?

సైనిక్‌పురి_నాన్న:
మచ్చ చాలావరకు తగ్గిందండి. ఏడాది పాటు మా ఇంటికి రాలేదు. మొన్న సంక్రాంతికి వచ్చింది. గేటు బయటే నిలబడి, కుక్కని కట్టేశావా మామయ్యా అని అడిగింది. కట్టేశానమ్మా అన్నాక కూడా నా చెయ్యి పట్టుకునే లోపలికి వచ్చింది.